ఓడిన చేప ఎక్కడికి పోవాలి?

పోయిన వారం ఒక పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఒరే, మా ఆడ క్రిబ్‌కి పిచ్చెక్కిందిరా. ట్యాంకులో ఒక్క చేపనీ బతకనివ్వడం లేదు. రేపే తీసి ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నాడు. క్రిబ్ అంటే అక్వేరియంలో పెంచే ఒక చిన్న చేప, సిక్లిడ్ అనే కుటుంబంలోది. పది రోజుల కింద ఇతనే, అదే చేప పొట్ట చెర్రీపండులా ఎర్రబడిందనీ, కొబ్బరిచిప్పలో గుడ్లు పెట్టిందనీ సంబరపడుతూ ఫోటోలు పంపాడు. ఇంతలోకే ముద్దుల చేప కాస్తా రాక్షసి అయిపోయింది.

"రెండు రోజులు ఆగు" అన్నాను. "ఎందుకాగాలి?" అన్నాడు. ఫోన్లో నేను సూటిగా చెప్పలేకపోయాను. ఆ రాత్రంతా అదే తలలో తిరిగింది.

నేను చెప్పాలనుకున్నది ఇది. పిల్లల్ని కాచుకునే సిక్లిడ్‌కి పిచ్చీ లేదు, పొగరూ లేదు. అది తరిమినప్పుడు అవతలి చేప కనుచూపు దాటిపోతే గొడవ అక్కడితో సరి. మన ట్యాంకులో అలా దాటిపోయే చోటు ఉండదు. ఆ చోటు మనం కల్పించాలి, లేదంటే జత కట్టకముందే ఆలోచించుకోవాలి. గుడ్లు పెట్టాక తల్లినో తండ్రినో తీసేయడం తప్పు. పాపం ప్రశాంతంగా ఉంటాయని పక్క చేపలన్నిటినీ ఖాళీ చేయడం ఇంకా పెద్ద తప్పు. ఆ రెండో తప్పు నేను చేశాను.

చిప్ప చుట్టూ జానెడు

నాది 4 అడుగుల ట్యాంకు, నీళ్లు దాదాపు 240 లీటర్లు. అందులో ఒక క్రిబ్ జత, గుంపుగా ఈదే చిన్న చేపలు లెమన్ టెట్రాలు 14, అడుగున తిరిగే కోరీలు 6. అన్నీ సాధు చేపలేనన్న నమ్మకంతో వేశాను, ఆరు నెలలు ఆ నమ్మకం నిలబడింది కూడా.

క్రిబ్‌లలో చొరవ ఆడదానిదే. ఒళ్లు విల్లులా వంచి, ఎర్రటి పొట్ట మగదాని కళ్ల ముందుకు తెచ్చి, వణుకుతూ నిలబడుతుంది. మగది రెండు రోజులు పట్టించుకోనట్టే తిరిగింది. మూడో రోజు నుంచి ఇద్దరూ చిప్పలోకి, చిప్పలోంచి బయటికి. ఆడది లోపలి ఇసుకను నోటినిండా పట్టుకుని బయటికి వచ్చి, కాస్త దూరం వెళ్లి ఉమ్మేసి, మళ్లీ లోపలికి పోతుంది. ఒక సాయంత్రం కుర్చీ వేసుకుని చూశాను. అరగంటలో నలభైసార్లు తిరిగింది. లోపల గుంట తయారయ్యాక పని తిరగబడింది. ఈసారి బయటి ఇసుకను తెచ్చి గుమ్మం దగ్గర పోయడం మొదలుపెట్టింది. చివరికి తన ఒళ్లు పట్టేంత సందు మాత్రమే మిగిలింది. తనకంటే పెద్దదైన మగది అందులో దూరాలంటే పక్కకు ఒరగాల్సిందే.

ఆ తర్వాత ఆడది కనిపించలేదు. గుడ్లు చిప్ప పైకప్పుకి అంటుకుని ఉంటాయి. వాటికి రెక్కలతో నీళ్లు విసురుతూ అది లోపలే ఉంటుంది. మగది బయట కాపలా. ఆ రోజుల్లో హద్దు చిప్ప చుట్టూ జానెడు, మహా అయితే రెండు జానలు. టెట్రాలు ఆ గీత ఎక్కడుందో ఒక్క పూటలో నేర్చుకున్నాయి. దాని దాకా వచ్చి వెనక్కి తిరిగేవి. మూడో రోజుకి గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. ఆ రోజు నుంచి జానెడు హద్దు సగం ట్యాంకయింది. పిల్లలు ఎక్కడుంటే హద్దు అక్కడ. గుడ్లు ఒక చోట ఉంటాయి, పిల్లలు ఉండవు కదా. నా స్నేహితుడు చెప్పిన "పిచ్చి" ఈ రోజునే మొదలవుతుంది.

కోరీ కన్ను

నా ట్యాంకులో దెబ్బ తిన్నది టెట్రాలు కావు, కోరీలు.

ఒక పొద్దున లైటు వేసేసరికి ఒక కోరీ ఎడమ కన్ను తెల్లగా పొరగట్టి ఉంది. రెండో రోజుకి ఆ కన్నే లేదు. నాలుగో రోజు చేప చచ్చిపోయింది. దాన్ని వలలో ఎత్తినప్పుడు ఒంటిమీద ఇంకెక్కడా గాటు లేదు. తోక, రెక్కలు చెక్కుచెదరలేదు. కన్ను ఒక్కటే పోయింది. ఆ పూట క్రిబ్‌ల మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. టెట్రాని తరిమితే పారిపోతుంది. కోరీ పారిపోయే చేప కాదు. దాని ఒళ్లంతా పలకల కవచం. వీపు రెక్కకీ పక్క రెక్కలకీ గట్టి ముళ్లుంటాయి. ప్రమాదం వస్తే ఆ ముళ్లు బిగించి కదలకుండా కూర్చుంటుంది. మింగాలని వచ్చే పెద్ద చేప ముందు అది మంచి ఉపాయమే. కానీ క్రిబ్‌కి దాన్ని మింగే ఉద్దేశం లేదు, "ఇక్కణ్నించి పో" అంటోంది. కోరీ ఇచ్చే జవాబు "నేను కదలను" అని. పైగా కోరీ తిండి వెతుక్కునేది అడుగున, అందులోనూ చీకట్లో ఎక్కువ. గుడ్లు దొరికితే తింటుంది కూడా. కన్నుకి కవచం లేదు కాబట్టి తల్లి అక్కడే పొడిచింది. రెండు చేపల తప్పూ లేదు. ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దర్ని ఒకే గదిలో పెట్టి తలుపు వేసినవాణ్ని నేను.

"క్రిబ్ జతతో కోరీలు బాగానే ఉంటాయి" అని ఇప్పటికీ చాలామంది చెబుతారు. జత కట్టనంతవరకు ఉంటాయి, నిజమే. పిల్లలు ఈదే రోజుల గురించి వాళ్లు మాట్లాడరు.

ట్యాంకు ఖాళీ చేశాక

కోరీ పోయిన రోజే మిగతా కోరీలను, టెట్రాలన్నిటినీ ఇంకో ట్యాంకుకి మార్చేశాను. నాకు తెలిసినవాళ్లంతా అదే సలహా ఇచ్చారు. నాకూ సబబుగానే తోచింది. ఇక శత్రువులు లేరు, ఇద్దరూ హాయిగా పిల్లల్ని పెంచుకుంటారు.

రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడో రోజు మగది ట్యాంకు పైమూలలో, ఫిల్టరు గొట్టం వెనక, తల కిందికి వాల్చుకుని కనిపించింది. తోక సగం చిరిగింది. రంగు వెలిసిపోయి ఒంటిమీద నల్లచార ఒక్కటే తేలుతోంది. అది వేలెడు కిందికి దిగితే చాలు, ఆడది చిప్ప దగ్గర్నుంచి బాణంలా వచ్చేది. మొన్నటిదాకా తనకు కాపలా కాసిన చేప మీదికే. 240 లీటర్ల ట్యాంకులో అవి రెండే పెద్ద చేపలు, అయినా ఒకదానికి చోటు లేదు.

సాయంత్రం 8 టెట్రాలను తెచ్చి మళ్లీ వదిలాను. మనసు ఒప్పలేదు గానీ ఇంకో దారి కనిపించలేదు. ఆడదాని చూపు ముందు అటు తిరిగింది. మర్నాటికి మగది మూల వదిలి మధ్యదాకా వచ్చింది. రెండో రోజుకి మళ్లీ గస్తీలో ఉంది. ఒక టెట్రా గుంపు పిల్లల వైపు వస్తుంటే ఇద్దరూ రెండు వైపుల నుంచి వెళ్లారు. తిరిగొచ్చాక పక్కపక్కన నిలబడి ఒళ్లు వణికించుకున్నాయి. అది పోట్లాటలో వణుకు కాదు. జత కట్టే రోజుల్లో చూసిన వణుకే.

ఇది ఒక ట్యాంకులో ఒకసారి జరిగిన సంగతి. దీన్ని సిద్ధాంతం చేయవచ్చా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. టెట్రాలను మార్చిన రోజునే నీళ్లు కూడా ఎక్కువ మార్చాను, దానివల్ల కూడా అయి ఉండొచ్చు. అందుకే నా ఒక్క అనుభవం మీదే ఈ మాట అనడం లేదు. సిక్లిడ్ జతలు పెంచేవాళ్లు జత పక్కన కావాలనే కొన్ని చురుకైన చేపల్ని ఉంచడం పాత పద్ధతి. జత ఒకదాన్నొకటి కొట్టుకోకుండా ఆ కోపం మళ్లడానికి బయట ఒక గురి ఉండాలని వాళ్లు చెబుతారు.

ఈ చేపలు పుట్టిన చోట చూస్తే ఇందులో వింతేమీ లేదు. సిక్లిడ్ సంసారం నలుగురి మధ్యే సాగుతుంది. క్రిబ్, అంటే పెల్వికాక్రోమిస్ పుల్చర్, నైజీరియా వైపు వాగుల చేప. అందులో కొన్ని మగచేపలు ఒక్క ఆడదానితో ఉంటాయి, కొన్ని పలువురితో. పలువురితో ఉండే పెద్ద మగదాని హద్దులోనే కొన్ని చిన్న మగచేపలు ఉండి కాపలాలో చేయి వేస్తాయి, దొంగచాటుగా కొన్ని గుడ్లకు తండ్రులూ అవుతాయి. మార్టిన్, టబోర్‌స్కీ అనే పరిశోధకులు 1997లో ఈ సంగతి రాశారు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఉండే నియోలాంప్రోలోగస్ పుల్చర్ అనే సిక్లిడ్‌ది ఉమ్మడి కుటుంబమే. పిన్నలు పెద్దల పిల్లల్ని కాస్తాయి. నికరాగువా సరస్సుల్లో కొన్ని సిక్లిడ్‌లు పరాయి పిల్లల్ని కూడా తమ గుంపులో కలుపుకోవడం కెన్నెత్ మెక్కే అనే పరిశోధకుడు చూశాడు. గుంపు పెరిగితే వేటాడే చేప నోట్లో సొంత పిల్ల పడే అవకాశం తగ్గుతుంది. ఇంత ఇరుగుపొరుగు మధ్య తయారైన కాపలాకి పొరుగే లేకుండా చేస్తే అది ఎవరి మీదికి తిరుగుతుంది?

దీనికి గట్టి ఎదురువాదం ఒకటుంది. ఏంజెల్ చేపల్ని (అవీ సిక్లిడ్‌లే) వృత్తిగా పెంచేవాళ్లు జతను ఒంటరిగా, అడుగున ఇసుక కూడా లేని ట్యాంకులో ఉంచి ఏళ్ల తరబడి పిల్లలు తీస్తారు. అక్కడ జత కొట్టుకు చావడం లేదు కదా? కాదనను. కానీ చాలాచోట్ల గుడ్లు పెట్టిన రోజో మర్నాడో వాటిని తీసేస్తారు. కాచుకోవాల్సింది చేతిలో లేనప్పుడు కాపలా కోపం అంత దూరం రాదు. అక్కడ గుడ్లు దొరుకుతున్నాయి. పిల్లల్ని తల్లిదండ్రులు పెంచడం జరగడం లేదు.

గుడ్లు తిన్న తల్లి

అసలు మా జత మొదటి కాన్పు గుడ్లను రెండో రోజే తినేసింది. అప్పుడు నేను గంటకోసారి టార్చి వేసి చిప్పలోకి తొంగి చూస్తున్నాను. మూడోసారో నాలుగోసారో చూసేసరికి పైకప్పు శుభ్రంగా ఉంది.

గుడ్లు తింటే చెడ్డ తల్లి అనేయడం తేలిక. ఫలించని గుడ్లు తెల్లబడి బూజు పడతాయి. వాటిని తీసేయకపోతే పక్కవాటికి అంటుకుంటుంది కాబట్టి కొన్ని తినడం కాపలాలో భాగమే. అన్నీ తినడం మాట వేరు. ఈ కాన్పు నిలిచేలా లేదనుకుంటే దాని బలాన్ని ఒంట్లోకి తిరిగి తీసుకుని మరో కాన్పుకి దాచుకోవడం తల్లిదండ్రులకు లాభమేనని 1978లో సీవర్ట్ రోవర్ అనే జీవశాస్త్రవేత్త వాదించాడు. నా టార్చి వెలుగులో ఆ తల్లికి ఈ కాన్పు నిలుస్తుందని ఎందుకు అనిపించాలి? వయసులో చిన్న జతలు మొదటి రెండు మూడు కాన్పులు పోగొట్టుకుని తర్వాత కుదురుకోవడం ఏంజెల్‌లలో, క్రిబ్‌లలో మామూలే. ఆ రెండు మూడుసార్లు మనం ఓపిక పట్టం. "వీటికి పెంచడం రాదు" అని గుడ్లు లాగేస్తాం.

నేనూ లాగాను. మూడో కాన్పుకి, పిల్లలు ఎక్కువ బతకాలన్న ఆశతో, గుడ్లతో సహా చిప్పనే తీసి వేరే తొట్టిలో పెట్టాను. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ చుక్కలు, పక్కనే గాలి బుడగలు, అన్నీ పద్ధతిగా చేశాను. 70 దాకా పిల్లలు బతికాయి. పెద్ద ట్యాంకులో చిప్ప ఉన్న చోట ఇసుకలో ఒక గుంట మిగిలింది. ఆడది రోజంతా ఆ గుంట మీదే నిలబడి లేని గుడ్లకు రెక్కలు విసిరింది. మగది రెండు జానల దూరంలో కాపలా కాసింది. రాత్రి లైటు తీసేదాకా అలాగే ఉన్నాయి. రెండు వారాలు తిరక్కుండా మళ్లీ గుడ్లు పెట్టింది. పొట్ట లోపలికి పోయి, తల మాత్రం పెద్దదిగా కనిపిస్తోంది. అదే పిల్లలతో తిరిగే తల్లయితే ఆ రెండు వారాలూ తిని కోలుకునేది.

ఇక అప్పుడు నేను పోగొట్టుకున్నదేంటో నాలుగో కాన్పులో తెలిసింది. సాయంత్రం లైటు తగ్గుతుండగా తల్లి ఒళ్లు ఒక్కసారి జాడించి పొట్ట రెక్కలు టపటపలాడిస్తుంది. పిల్లలన్నీ ఒక్కసారిగా ఇసుక మీద పడిపోతాయి, చేతిలోంచి ఆవాలు జారినట్టు. ఇసుకా పిల్లలూ ఒకే రంగు, ఇక ఏదీ కనిపించదు. అంచున ఒక పిల్ల ఇంకా ఈదుతూ ఉంటే తండ్రి వెళ్లి నోట్లోకి తీసుకుంది. మొదటిసారి చూసినప్పుడు తినేసిందనే అనుకున్నాను. అది నేరుగా చిప్ప దగ్గరికి వెళ్లి గుమ్మంలో ఉమ్మేసింది. పిల్ల క్షణం పాటు దొర్లి, లేచి లోపలికి పోయింది. తండ్రి మళ్లీ వెనక్కి వచ్చింది, ఇంకో పిల్ల కోసం.

ఆరు పిల్లలు

నాలుగో కాన్పును తల్లిదండ్రుల దగ్గరే, టెట్రాల మధ్యే వదిలాను. ముందుగా చేసినవి రెండే పనులు. కోరీలను శాశ్వతంగా వేరే ట్యాంకులో ఉంచాను. ట్యాంకు మధ్యలో ఒక పెద్ద చెట్టువేరు అడ్డంగా పెట్టి, దాని చుట్టూ వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఒత్తుగా నాటాను. పిల్లలు ఈదే రోజుల్లో చూశాను, తండ్రి తరుముకుంటూ వేరుదాకా వస్తుంది. టెట్రా వేరు వెనక్కి పోగానే ఆగుతుంది. ఒక క్షణం అక్కడే నిలబడి వెనక్కి తిరుగుతుంది. వేరు అవతల టెట్రా ఉన్నది రెండడుగుల దూరంలోనే. అంతకుముందు అదే దూరంలో గాజు దగ్గర ఇరుక్కున్న టెట్రాలను అది వదలకుండా తరిమేది. అంటే లెక్క దూరానిది మాత్రమే కాదు, చూపుది. తరిమినదాని కళ్లకు ఓడినది కనబడకపోతే అది వెళ్లిపోయినట్టే. గాజుకి కొట్టుకుని తిరిగొచ్చే చేప తండ్రి కంటికి ఓడిన చేపలా కనిపించదు, పదే పదే మీదికొచ్చే దొంగలా కనిపిస్తుంది.

80 దాకా ఈదిన పిల్లల్లో నెల తర్వాత మిగిలినవి 6. ఆ సంఖ్య రాయడం నాకు తేలిక కాదు. "రోజూ రాత్రి నీ టెట్రాలు పిల్లల్ని తింటుంటే చూస్తూ కూర్చున్నావా?" అని ఇంట్లోనే అడిగారు. కూర్చున్నాను. నాకు జవాబు పూర్తిగా దొరకలేదు కూడా. కానీ మూడో కాన్పు 70 పిల్లల్ని గుర్తు తెచ్చుకుంటే ఇదే తక్కువ తప్పనిపిస్తుంది. వాటికి ఇళ్లు వెతకడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఇరుకు తొట్టెల్లో కొన్ని ఎదగక చచ్చిపోయాయి. తల్లి ఈలోగా ఇంకోసారి గుడ్లు పెట్టింది. ఎవరికీ అక్కర్లేని ఆ పిల్లల్ని చెరువులోనో కాలవలోనో వదిలేద్దామన్న ఆలోచన వస్తుంది చాలామందికి. దయచేసి ఆ పని చేయకండి. మొజాంబిక్ తిలాపియా కూడా సిక్లిడ్డే. పిల్లల్ని నోట్లో దాచుకునే ఆ తల్లి ఎన్ని దేశాల నీళ్లను ఆక్రమించిందంటే, ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. ఇంట్లో మనం ముచ్చటపడే కాపలాయే అక్కడి చేపలకు ప్రాణాంతకం.

నోట్లో పిల్లల్ని మోసే, ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌ల సంగతి వేరే పెద్ద కథ. మూడు వారాల దాకా తిండి మానేసి తిరిగే ఆ తల్లికి కావలసింది కూడా కనుచూపు దాటే చోటే అని మాత్రం ఇక్కడ చెబుతాను.

మరి చిన్న ట్యాంకు ఉన్నవాళ్లు? రెండడుగుల ట్యాంకులో పక్క చేపలుండగా జతను పెట్టకండి. ఒక్క క్రిబ్‌ని పెట్టుకోండి, అది ఏళ్ల తరబడి అందంగా, శాంతంగా ఉంటుంది. జతే కావాలంటే మూడడుగులకు తగ్గకుండా, పైనా మధ్యలో ఈదే చేపలతో, మధ్యలో చూపుకి అడ్డంతో పెట్టండి. అడుగున తిరిగే చేపలు మాత్రం వద్దు. ఇదంతా గుడ్లకు ముందు తేల్చుకోవాల్సిన సంగతి. తల్లి చిప్పలోకి వెళ్లాక మన తొందర దేనికీ పనికిరాదు.

నా స్నేహితుడికి ఇవన్నీ నిన్న మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. ఆడదాన్ని ఇంకా తీయలేదట. "కోరీలు మూడున్నాయిరా, ఏం చేయను?" అన్నాడు. వాటిని నా దగ్గరికి తెమ్మన్నాను.

ఇక్కడ నా ట్యాంకులో ఆ ఆరు పిల్లలకు మూడో నెల. వాటిలో ఐదు మగవే అని తేలుతోంది. నీళ్లలో ఆమ్లం ఎక్కువైతే క్రిబ్‌లలో మగపిల్లలు ఎక్కువ పుడతాయి, నా నీళ్లు అలాంటివే. నాలుగు రోజులుగా తండ్రి చేప వాటినీ తరుముతోంది. అప్పట్లో నోట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చిన పిల్లల్నే ఇప్పుడు వేరుదాకా తరిమి, ఆగి, వెనక్కి తిరుగుతోంది. తల్లి మళ్లీ ఇసుక తోడుతోంది. పిల్లలు వేరు అవతల, గాజుకి ఆనుకుని గుంపుగా ఉన్నాయి. వాటికోసం ఇంకో ట్యాంకులో నీళ్లు పట్టి, ఫిల్టరు తిప్పి ఉంచాను. ఆదివారం మార్చేస్తాను.